కష్టం చెప్పే తీరు

తెలుగు పాఠం చెప్పేవారికి ఒక బలహీనత ఉంటుంది. వ్యాసంలో నాలుగు పెద్ద సమాసాలు కనబడితే చాలు, చేయి తనంతట తానే మార్కులు వేసేస్తుంది. నేనూ ఆ తానులో ముక్కనే.

రెండేళ్ల కిందట, ఖమ్మంలో మా డిగ్రీ క్లాసుకు ‘మా ఇంటి వేసవి’ అని వ్యాసం ఇచ్చాను. భద్రాచలం దాటి దుమ్ముగూడెం వైపు, అడవి అంచు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ‘దారిద్ర్య రాక్షసి కోరలలో నలిగిన నిరుపేద కుటుంబము’ అంటూ ఆరంభించింది. పదికి ఎనిమిది వేశాను. ఆ కుటుంబం ఎవరిదని అడగాలని నాకు తోచలేదు.

ఎదుగుతున్న పిల్లల కోసం నవలలంటూ మన గ్రంథాలయాల్లో వేరే బీరువా కనబడదు. అయినా ఆ వయసువారికి ఇవ్వదగిన పుస్తకాలు లేకపోలేదు. ఆ నెలలో రెండు చదివించాను.

ఒకటి కొడవటిగంటి కుటుంబరావుగారి ‘చదువు’. సుందరం అనే కుర్రవాడు పెరిగి పెద్దవాడయ్యే కథ. రచయిత దూరంగా నిలబడి, ఆవేశపడకుండా, జమాఖర్చు రాసినట్టు చెప్పుకుపోతారు. చదువు అక్కరకు రాని బాధను లెక్క కట్టుకోవలసింది పాఠకుడే.

రెండవది నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి ‘పచ్చనాకు సాక్షిగా’. ఇది కథల వరుసే గాని నవలలాగే చదువుకోవచ్చు. చిత్తూరు జిల్లా రైతు ఇంటి పిల్లవాడు ఇంట్లో మాట్లాడే యాసలోనే చెబుతాడు. పెద్దలు ఏడ్చే చోట వాడు నవ్విస్తాడు. మనకే గొంతు పట్టుకుంటుంది.

ఒకరిది గట్టున నిలిచి చూసే చూపు, ఇంకొకరిది నీళ్లలో దిగిన గొంతు. ఇద్దరూ ‘అయ్యో’ అని మాత్రం అనరు.

“ఇంట్ల మాట్లాడినట్టు రాస్తే మార్కులు పోవా, సార్?” అని ఆ అమ్మాయి అడిగింది. పోవన్నాను. వ్యాసం మళ్లీ రాసి తెచ్చింది.

అందులో రాక్షసి లేదు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే తునికాకుకు పోవడం ఉంది. కట్టకు 50 ఆకులు. అమ్మ కోస్తుంది, తను లెక్కపెట్టి కట్టలు కడుతుంది. చినిగిన ఆకు కల్లంలో పక్కకు పోతుంది. అకాల వాన పడితే ఆ రోజు కూలి లేదు. చివర ఒక్క వాక్యం: “ఈసారి ఆకు మంచిగ పడకపోతే నేను కాలేజీకి రాను సార్.”

మొదటి వ్యాసంలో ఈ వాక్యం లేదు. అలంకారాల కింద అది ఎక్కడో మునిగిపోయింది. దానికే నేను ఎనిమిది వేశాను!

ఆ సాయంత్రమే ఆమెను పిలిచి స్కాలర్‌షిప్పు కాగితాల సంగతి మాట్లాడాను. జూన్‌లో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికింది.

మీ ఇంట్లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలుంటే ఈ రెండు పుస్తకాలూ వారి చేతికి ఇవ్వండి. భాష కోసమే కాదు. తమ కష్టం తమ మాటల్లో చెప్పవచ్చునన్న ధైర్యం కోసం. చెప్పినప్పుడు వినడం మన వంతు.