సమాధి మట్టిలో మందు ఉందా? ఐర్లాండ్ నాటు వైద్యం కథ

ఐర్లాండ్‌లో పూర్వం డాక్టర్ దగ్గరికి వెళ్లలేని పల్లెల్లో జనం ఏం చేసేవాళ్లు? అందులో నిజంగా పనిచేసింది ఎంత? ఈరోజు అదే చూద్దాం.

ఇదంతా మనకెలా తెలుసు అంటే, 1937 నుంచి 1939 వరకు ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ అక్కడి స్కూల్ పిల్లలకు ఒక పని అప్పజెప్పింది. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి పాత సంగతులు రాసుకు రమ్మంది. సుమారు 50,000 మంది పిల్లలు రాశారు. అందులో నాటు వైద్యాలు బోలెడు.

మొదటిది, నెటిల్ ఆకు. మన దూలగొండి లాగే తగిలితే మంట, దురద. దానికి డాక్ అనే ఆకు రుద్దుతారు. చల్లగా, హాయిగా అనిపిస్తుంది. అయితే ఆ మంట ఎలాగూ కాసేపటికి తగ్గేదే. కాబట్టి ఆకే తగ్గించిందని గట్టిగా చెప్పలేం.

రెండోది, దగ్గుకి క్యారగీన్. ఇదొక సముద్రపు నాచు. పాలల్లో మరిగించి, వడకట్టి తాగుతారు. జిగటగా ఉంటుంది కాబట్టి గొంతుకి ఉపశమనంగా ఉంటుంది. ఆ జిగట పదార్థాన్నే ఇప్పుడు ఐస్‌క్రీముల్లో వాడుతున్నారు.

మూడోది అసలు విశేషం. ఉత్తర ఐర్లాండ్‌లో ఫెర్మనా కౌంటీలో బోహో అనే ఊరుంది. అక్కడి చర్చి సమాధుల దగ్గర మట్టిని గుడ్డలో కట్టి, పంటినొప్పికీ, ఇన్ఫెక్షన్లకీ వాడేవాళ్లు. మూఢనమ్మకం అనిపిస్తుంది కదా? కానీ 2018లో శాస్త్రవేత్తలు ఆ ప్రాంతపు మట్టిలో ఒక కొత్త రకం స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియాను కనుక్కున్నారు. మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ లాంటి క్రిముల పెరుగుదలను అది ల్యాబ్‌లో అడ్డుకుంది. టీబీకి వాడే స్ట్రెప్టోమైసిన్ కూడా ఈ జాతి నుంచి వచ్చిన మందే.

అలాగని మట్టి తెచ్చి పుండు మీద పెట్టేయకండి! ల్యాబ్‌లో పనిచేయడం వేరు, మనిషి ఒంట్లో పనిచేయడం వేరు. పైగా ధనుర్వాతం క్రిములు ఉండేది కూడా మట్టిలోనే.

ఇంకో మొక్క ఉంది, ఫాక్స్‌గ్లోవ్. గుండెకి వాడే డిజిటాలిస్ దాన్నుంచే వచ్చింది. మోతాదు కాస్త ఎక్కువైతే గుండె ఆగిపోవచ్చు. పసిపిల్లని ఫెయిరీలు ఎత్తుకుపోయి వేరే బిడ్డని పెట్టాయని అనుమానం వస్తే, ఈ మొక్కనే మందుగా వాడేవాళ్లు. జబ్బుతో ఉన్న పిల్లలకి విషం పట్టడమే కదా అది!

అంటే పాతదైనంత మాత్రాన మంచిదీ కాదు, చెత్తా కాదు. వాట్సాప్‌లో చిట్కా వస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. దానంతటదే తగ్గే జబ్బా? ఎవరైనా మనుషుల మీద పరీక్షించారా? మోతాదు తప్పితే ఏమవుతుంది? మూడోదానికి జవాబు తెలియకపోతే మాత్రం నోట్లో వేసుకోకండి.