మిశ్రమ పెరటి కోళ్ల మందలో జాతి స్వచ్ఛత పరిరక్షణ

గ్రామీణ కుటుంబాలు నేడు నాటు కోళ్లతో పాటు మెరుగైన రకాలను కూడా ఒకే పెరటిలో పెంచుతున్నాయి. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో గల కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు అసీల్ కోళ్ల సరసన మేత మేస్తున్నాయి. పెరటి పెంపకంలో వనరాజా పెట్ట ఏడాదికి సుమారు 100–110 గుడ్లు, గ్రామప్రియ 160–180 గుడ్లు పెడతాయి. అసీల్ గుడ్ల సంఖ్య చాలా తక్కువైనా, పొదిగే గుణం, పిల్లలను కాపాడుకొనే నేర్పు దానికే సొంతం. ఈ రకాలు ఒకదాని లోటును మరొకటి పూరిస్తాయి. అయితే విచక్షణ లేకుండా కలిపి పెంచితే కొద్ది తరాలలోనే అసీల్ స్వచ్ఛత కనుమరుగవుతుంది.

సంకరం వల్ల నష్టం

వనరాజా, గ్రామప్రియ ఎంపిక చేసిన వంశక్రమాల కలయికతో రూపొందిన సంకరాలు. వాటిలో అవి జతకట్టగా పుట్టిన పిల్లలలో లక్షణాలు చెదిరిపోయి, తల్లుల స్థాయి దిగుబడి రాదు. కాబట్టి ఈ రకాల పిల్లలను ప్రతిసారీ హేచరీ నుండే తెచ్చుకోవాలి. వనరాజా పుంజుతో కలిసిన అసీల్ పెట్టకు పుట్టిన పిల్లలు త్వరగా బరువు పెరగవచ్చు. కాని వాటిని అసీల్‌గా భావించి విత్తనానికి వాడరాదు.

పుంజుల నియంత్రణ

ఇందుకు సులభమైన మార్గం పుంజులను అదుపులో ఉంచడం. మెరుగైన రకాల పుంజులను 12–14 వారాల వయసులోనే మాంసానికి అమ్మి, మందలో అసీల్ పుంజును మాత్రమే ఉంచాలి. 8–10 పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. ఎదిగిన అసీల్ పుంజులు తీవ్రంగా పోట్లాడుకుంటాయి కనుక రెండింటిని ఒకే చోట వదలరాదు.

పొరుగింటి పుంజులు పెరట్లోకి రావడం గ్రామాలలో సహజం. పెట్ట శరీరంలో పుంజు వీర్యకణాలు రెండు వారాలకు పైగా సజీవంగా ఉండగలవు. అందువల్ల విత్తన గుడ్లు కావలసినపుడు ఎంపిక చేసిన అసీల్ పెట్టలను, పుంజును కంచె లోపల వేరుగా ఉంచి, మూడు వారాలు గడిచిన తరువాత పెట్టిన గుడ్లనే సేకరించాలి. పెంకు రంగును బట్టి గుడ్డు ఏ రకానిదో నిర్ధారించడం కష్టం. గుడ్డుపై పెన్సిలుతో తేదీ రాసి, వారం లోపు పొదగవేయాలి. ఒక పెట్ట కింద 10–12 గుడ్లు ఉంచవచ్చు. 21 రోజులకు పిల్లలు వస్తాయి. మిగిలిన పెట్టల గుడ్లను ఆహారానికి, అమ్మకానికి వాడుకోవాలి.

మేత యాజమాన్యం

వేర్వేరు వయసుల కోళ్లున్న మందలో గుడ్ల కోళ్ల దాణాను అందరికీ పెట్టకూడదు. అందులో అధికంగా ఉండే కాల్షియం పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సున్నం తక్కువగా గల దాణాను అందరికీ ఇచ్చి, నత్తగుల్లల పొడిని వేరే పాత్రలో ఉంచితే గుడ్లు పెట్టే పెట్టలు తమకు కావలసినంత తింటాయి. బలమైన కోళ్లు బలహీనమైన వాటిని తరిమివేయకుండా మేత తొట్లను రెండు మూడు చోట్ల అమర్చాలి. వనరాజా పెట్టలకు నూకలు అతిగా వేస్తే కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతాయి.

ఆరోగ్య రక్షణ

కొత్తగా తెచ్చిన కోళ్లు ఆరోగ్యంగా కనిపించినా రోగకారకాలను మోసుకురావచ్చు. వాటిని 2–3 వారాలు వేరుగా ఉంచి, ముందుగా పాత మందకు మేత వేసి ఆ తరువాతే వాటి వద్దకు వెళ్లాలి. హేచరీ పిల్లలను మొదటి ఆరు వారాలు కృత్రిమ వేడిలో పెంచి, తరువాత పెరట్లోకి వదలాలి. కొక్కెర తెగులు నివారణకు 5–7 రోజుల వయసులో లసోటా చుక్కల మందు, 8–10 వారాలలో ఆర్‌2బి టీకా వేయించాలి. ఒక్కో విడత పిల్లల వయసు వేరు కాబట్టి టీకాల తేదీలను విడతవారీగా నమోదు చేయాలి. కాళ్లకు రంగు వలయాలు తొడిగితే గుర్తింపు తేలికవుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు మెరుగైన పిల్లలను పంపిణీ చేసేటపుడే పుంజుల అమ్మకం, విత్తన గుడ్ల సేకరణపై శిక్షణ ఇవ్వాలి. ఆ గ్రామంలో స్వచ్ఛమైన అసీల్ పెంచే కుటుంబాలను ముందుగా గుర్తించి, అక్కడ మెరుగైన పుంజులను వదలకుండా చూడాలి. అప్పుడే ఆ ఇంటికి గుడ్ల ఆదాయం, ఆ ప్రాంతానికి దేశీయ జాతి రెండూ దక్కుతాయి.