ఎర్రసిరాకు రెండు కొలతలు

పరభాషలో వ్యాసం వ్రాసే విద్యార్థి రెండు బరువులను ఒక్కసారే మోయవలసి ఉంటుంది. ఒకటి తాను చెప్పదలచిన భావం, రెండవది ఆ భావానికి వాహకమైన భాష. దిద్దే ఉపాధ్యాయుని కంటికి ముందుగా తగిలేది మాత్రం రెండవదే. లింగం తప్పిన విశేషణం క్రింద, కాలం తప్పిన క్రియ క్రింద ఎర్రగీత గీయడం సులభం. భావం లోతును కొలవడం అంత సులభం కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో స్పానిష్ భాషా సాహిత్యాలు బోధించేవారికి ఈ చిక్కు నిత్యానుభవం.

అక్కడి హైస్కూలు విద్యార్థులు కళాశాల స్థాయి పాఠాలు చదివి వ్రాసే 'అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్' పరీక్షలలో స్పానిష్ సాహిత్యం ఒకటి. 2012-13లో అమలులోకి వచ్చిన పాఠ్యప్రణాళికలో 38 రచనలను చేర్చారు. 14వ శతాబ్దినాటి హువాన్ మనుయేల్ కథ మొదలు గార్సియా మార్కెస్ కథ వరకు వాటిలో ఉన్నవి. ఆ వ్యాసాలను దిద్దడానికి ఏర్పరచిన పద్ధతిలో విషయానికి ఒక కొలత, భాషకు వేరొక కొలత. పెద్ద వ్యాసానికి ఒక్కొక్క కొలతలో 0 నుంచి 5 వరకు మార్కులు. దిద్దేవారు ముందుగా కొన్ని నమూనా వ్యాసాలను పరిశీలించి, ఒక సమాన ప్రమాణానికి వచ్చిన పిమ్మటనే అసలు పనికి పూనుకొంటారు.

ఈ విభజన ఎందుకు అవసరమో ఒక ఉదాహరణ చూడండి. పాఠ్యగ్రంథాలలో 1554 నాటి 'లాసరిల్యో దె తోర్మెస్' ఒకటి. కర్త ఎవరో తెలియదు. ఒక పేద బాలుడు పలువురు యజమానులను కొలిచిన కథ ఇది. ఒక విద్యార్థి ఆ యజమానులందరినీ వరుసగా పేర్కొని, ఒక్క తప్పు లేకుండా కథాసంగ్రహం వ్రాసినాడనుకొందాము. మరియొకడు పది తప్పులతో, 'కులగౌరవం అడ్డువచ్చి బిచ్చమెత్తలేని యజమానిని, బిచ్చమెత్తిన సేవకుడే పోషించినాడు. ఆ గౌరవం ఎంత బోలుదో రచయిత ఇక్కడ చూపినాడు' అని వ్రాసినాడనుకొందాము. ఎర్రగీతలను లెక్కపెడితే మొదటివాడు గెలుస్తాడు. సాహిత్యం చదివినవాడు మాత్రం రెండవవాడే. కొలతలు వేరైనప్పుడు ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

తప్పులన్నీ ఒక జాతివీ కావు. స్పానిష్‌లో 'ఉండు' అనే అర్థానికి రెండు క్రియలున్నవి. 'అబురీదో' అనే విశేషణం ముందు ఒక క్రియ వాడితే 'విసుగు పుట్టించేవాడు', రెండవది వాడితే 'విసుగు చెందినవాడు'. ఇక్కడ పొరపాటు అర్థాన్నే తలక్రిందులు చేస్తుంది. 'చెయ్యి' అనే స్త్రీలింగ పదాన్ని పుంలింగంగా వాడితే చెవికి కటువుగా ఉండవచ్చును గాని అర్థం చెడదు. ఈ రెంటికీ ఒకే శిక్ష తగదు.

ఇక అమెరికాలో ఇంట స్పానిష్ మాట్లాడేవారు 4 కోట్లకు పైగా ఉన్నారు. వారి పిల్లలు తల్లి ఒడిలో ఆ భాష నేర్చినా, పలువురు దానిని బడిలో వ్రాసి ఎరుగరు. వారి తప్పులు చెవి వల్ల వచ్చేవి. స్పానిష్‌లో బ-కార వ-కారాలకు ధ్వనిభేదం లేదు. 'తూబో' అనే మాటను వ-కారంతో వ్రాస్తే 'కలిగి ఉండెను', బ-కారంతో వ్రాస్తే 'గొట్టం'. హ-కారాన్ని వ్రాస్తారే గాని పలుకరు. మన అరసున్నను, బండి 'ఱ'ను ఎరిగిన తెలుగు ఉపాధ్యాయునికి ఈ కష్టం వివరించనక్కరలేదు.

ఇందులో ఒక విచిత్రమున్నది. 'తెచ్చితిని' అనడానికి నేటి శిష్టరూపం 'త్రాహె'. కొన్ని పల్లెకుటుంబాల పిల్లలు 'త్రూహె' అంటారు. దానిని తప్పని కొట్టివేస్తారు. కాని సెర్వాంటెస్ 1605లోను, 1615లోను రెండు భాగాలుగా వెలువరించిన 'డాన్ కిహోతె'లో కనిపించేది ఆ ప్రాచీన రూపమే! ఆ పిల్లవాడు భాషను చెరచలేదు. తాతల మాటను కాపాడినాడు. అట్లని పరీక్షలో ఆ రూపం చెల్లదు. నేటి శిష్టరూపం వానికి నేర్పవలసిందే. కాని 'ఇది అజ్ఞానం' అని దిద్దడానికి, 'ఇది పాత రూపం, నేడు ఇట్లు వ్రాస్తారు' అని దిద్దడానికి చాల భేదమున్నది. మొదటి మాట పిల్లవానికి తన ఇంటి భాషపై సిగ్గు కలిగిస్తుంది. రెండవది అతనికి ఒక కొత్త రూపాన్ని అదనంగా ఇస్తుంది.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. 1910 తరువాతి సంవత్సరాలలో, స్కూలు ఫైనలు తెలుగు వ్యాసం ఏ భాషలో వ్రాయవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారికి, గ్రాంథికవాదులకు జరిగిన వివాదం తెలిసినదే. దిద్దేవాని కలం ఏ భాషను తప్పంటుందో, ఆ భాష మాట్లాడే పిల్లవాడు మౌనం వహిస్తాడన్న సత్యం ఆనాటి వాదంలోనూ ఉన్నది.

రెండు కొలతలు పెట్టినంత మాత్రాన పక్షపాతం మాయం కాదు. చక్కని వాక్యం చదివిన మనస్సు లోపలి భావమూ చక్కనిదేనని భ్రమపడుతుంది. అందుచేత మొదటిసారి కలం మూసి, పిల్లవాడు ఏమి చెప్పినాడో తెలుసుకోవడానికే వ్యాసం చదవడం మంచిది. ఆ తరువాత రెండవ పఠనంలో, ఎట్లు చెప్పినాడో చూడవచ్చును. ఎర్రసిరా అప్పుడు ఒలికినా, అది శిక్ష కాక శిక్షణ అవుతుంది.