ముట్టుకునే ముందు

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘం నుంచి ఏడెనిమిది మందిమి అమలాపురంలోని ఒక ఆసుపత్రికి వెళ్లాం. ఆపరేషన్ అయిన ఒక తల్లిని పరామర్శించి ప్రార్థన చేయాలన్నది మా ఆశ. బత్తాయిలు, బోండాలు, బైబిళ్లు పట్టుకుని మంచం చుట్టూ చేరాం. అయ్యగారు ఆమె తలమీద చేయి ఉంచబోతుంటే నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేసే అమ్మాయి అడ్డొచ్చింది. “అయ్యగారూ, ముందు చేతులు కడుక్కోండి. ఇద్దరిద్దరే రండి. అమ్మగారూ, మంచంమీద కూర్చోకండి” అంది.

మాలో ఒక పెద్దాయనకు కోపం వచ్చింది. “ప్రార్థనకు వచ్చినవాళ్లం. మమ్మల్ని ముట్టుకోవద్దంటావా?” అన్నారు. ఆ కోపం ఎక్కడిదో మాకు తెలుసు. దూరంగా నిలబడమనే మాట మన తాతలు బావుల దగ్గర విన్నారు, వీధుల్లో విన్నారు. కోనసీమలో ఎన్నో సంఘాలకు ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ అమ్మాయీ అలాంటి సంఘంలో పెరిగిన పిల్లే. అయినా మాట మార్చుకోలేదు. “కుట్లు ఇంకా మానలేదండి” అంది.

ఇలాంటి కోపమే 1847లో వియన్నా నగరంలో పెద్ద పెద్ద డాక్టర్లకు వచ్చింది. శవపరీక్షలు చేసి నేరుగా పురుళ్ల వార్డులోకి వచ్చేవారి చేతులే బాలింతలను చంపుతున్నాయని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గ్రహించాడు. క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కుని లోపలికి రమ్మన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది తల్లులు చనిపోయిన ఆ వార్డులో జూన్ నాటికి మరణాలు ఇద్దరికి తగ్గాయి. అయినా, మా చేతులు మురికివా అని చాలామంది చిన్నబుచ్చుకున్నారు.

ఆయా పనేగా అని మనం తేలిగ్గా అనేస్తాం. కానీ రోగిని తాకేముందు, తాకిన తర్వాత, మలమూత్రాలు ఎత్తిన తర్వాత, చివరికి పక్కబట్ట సర్దినా సరే ఆమె చేతులు కడుక్కోవాలి. సబ్బుతో ఒక్కోసారి దాదాపు నిమిషం. గ్లవ్స్ తొడిగినా ఆ పని తప్పదు. రక్తం అంటిన దూది పసుపు సంచిలో పడాలి, సూది గుచ్చుకోని గట్టి డబ్బాలో పడాలి. ఒక్కటి మరిచినా ఈ మంచం జబ్బు పక్క మంచానికి పోతుంది. మరవకపోతే ఏమీ జరగదు, ఎవరూ ఆమెను మెచ్చుకోరు.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ప్రభువు కుష్ఠరోగిని చేయిచాచి ముట్టుకున్నాడు. అప్పటికి అతడింకా బాగుపడలేదు. బాగుపడ్డాక మాత్రం, యాజకుడికి కనబడి మోషే చెప్పినట్టు చేయమని పంపాడు. ప్రేమతో తాకినవాడే జాగ్రత్తనూ తోసిపుచ్చలేదు. పారే నీళ్లలో కడుక్కోవాలన్న మాట కూడా ఆ ధర్మశాస్త్రంలోదే (లేవీ. 15:13). అంటరానితనం మనిషి పుట్టుకను చూస్తుంది. ఆ అమ్మాయి చూసింది చేతులను. డాక్టరు గారొచ్చినా ఆమె అదే చెప్పాలి.

కుష్ఠుకు సరైన మందులేని కాలంలో, వందేళ్ల కిందటే, కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు రామచంద్రపురంలో ఆ రోగులకు ఆశ్రయం ఇచ్చారు. అయినవాళ్లే దగ్గరికి రాని మనుషుల పుండ్లు అలాంటిచోట్ల ఎవరో ఒకరు కడిగి కట్టుకట్టేవారు. వాళ్ల పేర్లు మన సంఘచరిత్రల్లో ఎక్కడున్నాయి?

ఆ ఆదివారం అయ్యగారే ముందుగా కుళాయి దగ్గరికి నడిచారు. కోపం వచ్చిన పెద్దాయన చివరిగా వెళ్లారు. ప్రార్థన అయ్యాక ఆయన గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

“తాతగారూ, వెళ్లేటప్పుడు కూడానండి.”

ఆయన చొక్కా చేతులు మళ్లీ పైకి మడిచారు.