దళసరి అక్రిలిక్ గుమ్మటమును మెల్లగా ఏల పోయవలెను?

వానకై మింటిని చూచుచు వేరుసెనగ విత్తు కళ్యాణదుర్గపు బాలలకు జలాంతర్గామి దూరపు సంగతిగా తోచవచ్చును. కాని మంచివాన కురిసిన యేట దిగుడుబావిలో మునిగి, చెవులు బిగుసుకొనుట యెరిగినవారికి నీటి ఒత్తిడి పరిచితమే. పది మీటర్ల లోతునకు ఒక వాయుమండలపు బరువు చొప్పున అది పెరుగును. ఆ బరువును నలువైపులకు సమముగా పంచుకొనునది గుమ్మటము గనుకనే, సొంతముగా చిన్న జలాంతర్గాములను కట్టుకొను ఔత్సాహికులు తమ అక్రిలిక్ కిటికీకి ఆ యాకారమునే కోరుదురు.

అక్రిలిక్కునకు మూలద్రవమగు మిథైల్ మెథాక్రిలేట్ అణువులు గొలుసులుగా కూడునపుడు వేడి పుట్టును. దళసరి పోతలో ఆ వేడి వెలికి పోజాలక, చర్యను మరింత వేగిరపరచి, సుమారు 101 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవమునే మరిగించి, స్ఫటికమువలె నుండవలసిన ముద్దను బుడగలపాలు చేయును. పైగా గట్టిపడునపుడు ఘనపరిమాణము సుమారు 20 శాతము తగ్గును. అందుచే కొంత ముందే చిక్కబరచిన ద్రవమును అచ్చున పోసి, మరుగుట నాపుటకై మూసిన పాత్రలో ఒత్తిడి నుంచి, మెల్లమెల్లగా కాచుదురు.

పిమ్మట గంటగంటకు కొద్దికొద్దిగా చల్లార్చు ఘట్టమే నాకు మిక్కిలి ఆదరపాత్రము: అచ్చట తొందరపడినచో లోన దాగిన బిగువు ఏండ్ల తరువాత సన్నని చీలికయై బయటపడును, ఆ చీలికకు వెనుక మనుష్యుడు కూర్చుండును.

చెన్నైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించుచున్న ‘మత్స్య 6000’ జలాంతర్గామి మాత్రము ఆరువందల వాయుమండలముల బరువు నోర్వవలెను గనుక, అందు ముగ్గురు కూర్చుండు గోళమునకు టైటానియపు మిశ్రలోహమును ఎంచుకొనిరి.