నీళ్ల బండిలో ట్యాంకు ఎలా కూర్చోవాలి

ఎండాకాలం నార్పల, పుట్లూరు వైపు డొంకల్లో పికప్ వెనక నల్ల సింటెక్స్ ట్యాంకు కట్టుకుని పోయే బండ్లు కనిపిస్తాయి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటుగా వాన పడే అనంతపురంలో బోరు ఎండిపోతే, ఏళ్ల తరబడి సాకిన చీనీ చెట్టును నిలబెట్టేది ఆ నీళ్లే. ఆ ట్యాంకు దారిలో పగిలిందంటే ఆ పూటకు తోట ఎండినట్టే.

ముందు బరువు చూసుకోవాలి. లీటరు నీళ్లు కిలో. వెయ్యి లీటర్లంటే టన్ను, ట్యాంకు బరువు వేరే. 2005లో వచ్చిన తొలి టాటా ఏస్ మోసేది 750 కిలోలే. అలాంటి చిన్న బండికి 500 లీటర్ల ట్యాంకే నయం.

బాడీ అడుగున రేకు చదునుగా ఉండదు, గట్లు గట్లుగా లేచి ఉంటుంది. ప్లాస్టిక్ అడుగు ఆ గట్ల మీదే ఆనితే ప్రతి కుదుపుకూ అవే చోట్ల నొక్కుకుంటుంది. కొన్నాళ్లకు వెంట్రుకంత పగులు వస్తుంది. తడి చెమర్చేదాకా అది కంటికి ఆనదు. అందుకే గట్లకు అడ్డంగా చెక్కలు దగ్గర దగ్గరగా పరిచి, పైన మందపాటి ప్లైవుడ్ పలక వేయాలి. ట్యాంకు అడుగంతా పలక మీద ఆనాలి. ఆ చెక్కల ఎత్తుకే కింది కొళాయి కూడా పక్క డాలకు తగలకుండా పైకొస్తుంది.

అంతకుమించి ఎత్తొద్దు. ఎత్తితే నీళ్లు జోరుగా పారతాయని కొందరు అర మీటరు స్టాండు కొట్టిస్తారు. లెక్క చూడండి: నేల మీది పైపు మూతి నుంచి ట్యాంకులో నీటి మట్టం దాకా ఇప్పుడు మీటరున్నర ఉందనుకుంటే, ఆ అర మీటరుతో పెరిగే వేగం వందకు పదిహేను పాళ్లు. అదే అంగుళం కొళాయి, పైపు తీసి రెండంగుళాలవి వేస్తే నీళ్లు నాలుగింతలకు పైనే వస్తాయి. టన్ను బరువును పైకెత్తిన బండి గట్టు దిగేటప్పుడు పక్కకు ఒరుగుతుంది. ఆ ప్రమాదం దేనికి?

ట్యాంకు వెనక చక్రాల ఇరుసుకు కాస్త ముందుగా ఉండాలి. ఇరుసు దాటి వెనక్కి పోతే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది. నాలుగు మూలల కొక్కేలకూ మోకు బిగించి, అడుగు జరగకుండా చుట్టూ అడ్డు చెక్కలు మేకులతో కొట్టాలి. సగం ఖాళీ అయిన ట్యాంకు మరీ ప్రమాదం. నీళ్లు అటూ ఇటూ ఊగి మలుపులో బండిని తోస్తాయి. ఒక తోటలో సగం వదిలి రెండో తోటకు పోయేటప్పుడు నిదానంగా పోవాలి.

దించేటప్పుడు చుక్క మిగలకుండా ఖాళీ చేయండి. అడుగున బొక్కెనడు నీళ్లున్నా, ఎత్తేవాళ్ల చేతుల్లో అవి ఒక వైపుకే దొర్లుతాయి.