ఇసుక దాకానే బండి

మస్కట్‌లో హమ్రియా, రువి ఇరుకైన పేటలు. వారమంతా పనిలో గడిపిన కుటుంబాలకు శుక్రవారం సాయంత్రం కుర్రం, అజైబా, సీబ్ తీరాలే ఊపిరి. పిల్లలు ఇసుకలో గుంతలు తవ్వుతారు, పెద్దలు చాపలు పరుస్తారు, కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడతారు. ఆ ఇసుక మీదికే ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లూ దిగితే ఏమవుతుంది? బీచ్ డ్రైవింగ్ అనగానే బండి దిగబడకుండా నడపడం ఎలా అన్నదే మన చర్చ. అసలు చిక్కు వేరే ఉంది. రోడ్డుకు అంచు ఉంటుంది, కాలిబాట ఉంటుంది. ఇసుక మీద ఆ హద్దులేవీ ఉండవు. కాబట్టి జనం ఉన్న తీరంలో భద్రత అంటే ముందుగా బండి ఎక్కడ ఆపాలో తేల్చుకోవడమే. నడిపే నేర్పు ఆ తర్వాతి మాట.

లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి, బ్రేకు మీద కాలు వేసేలోపే అంత దూరం దాటిపోతుంది. అలల హోరులో వెనక నుంచి వచ్చే ఇంజన్ చప్పుడు వినపడదు. చాప మీద పడుకున్నవాళ్లు, గుంతలో కూర్చున్న పసివాళ్లు డ్రైవరు కంటికి సులువుగా ఆనరు. పైగా ఇసుక అంతటా ఒకేలా ఉండదు. కాస్త తడి ఉన్నచోట రేణువులు పట్టుకుని గట్టిగా ఉంటుంది, పొడి ఇసుకలో చక్రం కూరుకుపోతుంది, నీళ్లు నిండినచోట మళ్లీ మెత్తబడుతుంది. గట్టి నేల మీద వేగంగా వచ్చి మెత్తటి చోట ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పితే బండి పల్టీ కొట్టవచ్చు. దిగబడిన బండిని పోటు మీదున్న సముద్రం మనకోసం ఆగకుండా ముంచేస్తుంది.

అనుభవం ఉన్నవాళ్లకు ఇబ్బందేముంది అని అడుగుతారు. టైర్లలో గాలి సగానికి దగ్గరగా తగ్గిస్తే బండి ఇసుక మీద తేలిగ్గా సాగుతుందన్నది నిజమే. కానీ ఆ గాలితోనే తారు రోడ్డెక్కితే, మస్కట్ ఎండలో టైరు వేడెక్కి పగిలిపోయే ముప్పుంది. తిరిగి గాలి నింపే పంపు బండిలో లేకపోతే ఆ నేర్పు సగమే. ఎంత నేర్పున్నా, బంతి వెంట పరుగెత్తి వచ్చే పిల్లవాడి అడుగును ముందే పసిగట్టడం ఎవరి తరమూ కాదు. అమెరికాలో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో అనుమతి ఉంది కదా అంటారు. అక్కడ బండ్లకు కేటాయించిన భాగాలున్నాయి, వేగం గంటకు 10 మైళ్లు, అంటే 16 కిలోమీటర్లు దాటకూడదు, చీకట్లో నడపనివ్వరు. ఆ ఉదాహరణ కూడా హద్దులు కావాలనే చెబుతోంది. జాలర్లు పడవలు లాగడానికి పికప్‌లు దించుతారన్నదీ వాస్తవమే. అది వాళ్ల బతుకుతెరువు. తెలిసిన చోట, అవసరమైనంత మేరకే బండి దించుతారు. సరదా చక్కర్లకు దాన్ని సాకుగా చూపడం న్యాయం కాదు.

మనుషులే లేని తీరంలో నష్టమేముంది అన్నది చివరి ప్రశ్న. ఒమన్‌లోని రాస్ అల్ జింజ్ పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. మసీరా దీవి లాగర్‌హెడ్ తాబేళ్లకు పేరుపొందినది. మన ఆంధ్ర తీరానికీ ఆలివ్ రిడ్లేలు వస్తాయి. గుడ్లు ఇసుక కింద దాదాపు రెండు నెలలుంటాయి, పైకి ఏమీ కనిపించదు. బండి బరువుకు ఇసుక గట్టిపడితే పిల్లలు పైకి రాలేవు. వచ్చినా చక్రాల గాడిలో పడి సముద్రం చేరలేక అలసిపోతాయి. మన కంటికి ఖాళీగా ఉన్న తీరం నిజంగా ఖాళీ కాదు.

అందుకే ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే నిర్ణయం జరగాలి: బండి పార్కింగులో ఉంటుంది, ఇసుక మీద నడుస్తాం. అనుమతి ఉన్న చోట దించక తప్పకపోతే పగటిపూట, ఆటు మొదలయ్యాక, పార తోడుగా, జనానికి దూరంగా, నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతో నడపాలి. ఒమన్‌లో ఆపద వస్తే 9999కు ఫోన్ చేయాలి. పార్కింగ్ నుంచి నీటి అంచు దాకా నడిచే ఆ కొన్ని నిమిషాలకు బదులు, పరాయి బిడ్డ ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు ఏ డ్రైవరుకూ లేదు.